చావు పరుపు దూది

గత ఆదివారం ఉదయం బోయిన్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి సుధాకర్ గారు తలుపు తట్టి నా చేతిలో ఒక రంగుల పట్టిక పెట్టారు. ఇంట్లో వాడి పారేసే వస్తువుల్లో ఏవి మళ్ళీ పనికొస్తాయి, ఏవి రావు అని ఆకుపచ్చలో ఒక వరుస, ఎరుపులో ఒక వరుస ఇంగ్లీషులో అచ్చు వేయించారు. తడికి పాడవకుండా పైన ప్లాస్టిక్ పొర కూడా అంటించారు. అలా పొర అంటించిన కాగితాన్ని ఇక కాగితం కొనేవాడూ తీసుకోడు, ప్లాస్టిక్ కొనేవాడూ తీసుకోడు. ఆ సంగతి మాత్రం పట్టికలో ఏ వరుసలోనూ లేదు. నేను కళాశాలలో తెలుగు చెబుతాను గనుక దాన్ని తెలుగులో రాసి ఇవ్వాలన్నది ఆయన వచ్చిన పని.

"ఈజీగా ఉండాలి మేడం. మన పనిమనుషులు చదవాలి. మొత్తం మిక్స్ చేసి పడేస్తున్నారు వాళ్ళు."

"కలిపి వాళ్ళ చేతికిస్తున్నది ఎవరండీ?"

"మీరు జోకులు బాగా వేస్తారు మేడం" అని ఆయన నవ్వారు. నేను వేయలేదు.

పట్టిక చదివాను. పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి ఇస్తే వస్తాయి. వార్తాపత్రికలు వస్తాయి, నూనె ఇంకిన పిజ్జా పెట్టెలు రావు. గాజు సీసా వస్తుంది, పగిలిన పింగాణీ కప్పు రాదు. లోపల వెండిలా మెరిసే చిప్స్ ప్యాకెట్ రాదు, థర్మోకోల్ రాదు, బ్యాటరీలు వేరుగా పెట్టాలి. ఇంతవరకు తప్పు పట్టడానికి లేదు. తెలిసినా మా ఐదంతస్తుల్లో ఎవరూ పాటించరన్నది వేరే మాట. మావాళ్ళు బిర్యానీ డబ్బాను మెతుకులతో సహా నీలిరంగు బుట్టలో వేసి, భూగోళానికి ఏదో మేలు చేసినట్టు ముఖం పెట్టి లిఫ్టు ఎక్కుతారు. వాళ్ళకది చెత్తబుట్ట కాదు, హుండీ. వేసిన క్షణమే పాపం పోతుంది. తర్వాత దాన్ని ఎవరు ఏరుకుంటారో, ఏరేవారి చేతికి ఏమి అంటుతుందో వాళ్ళకు అనవసరం. ఇలా అనుకుంటూ చదువుతూ ఆకుపచ్చ వరుసలో చివరి మాట దగ్గర ఆగాను. పరుపులు, అని ఉంది.

"పరుపులు ఎవరు తీసుకుంటారు సుధాకర్ గారూ?"

"ఏజెన్సీలు ఉంటాయి మేడం. నెట్‌లో చూసే పెట్టాను."

"మీ ఫోం పరుపు వానాకాలం నుంచి సెల్లార్‌లోనే ఉంది కదా."

"అదా. అది ప్రాసెస్‌లో ఉంది."

ఆ ప్రాసెస్ ఏమిటో నేను చూశాను. పరుపు మీద బాణం గుర్తుల పచ్చ స్టిక్కరు అంటించి గోడకు ఆనించారు. పాత సామాన్లు కొనే యాదగిరి ఒకసారి దాన్ని కాలితో తట్టి, "గిది ఉత్తగిచ్చినా నాకొద్దు, బండ్ల జాగ తింటది" అని వెళ్ళిపోయాడు. కుక్కలు ఒక మూల కొరికి పసుపుపచ్చని ముక్కలు సెల్లారంతా చల్లాయి. రోజూ ఉదయం ఊడ్చే లక్ష్మి ఆ ముక్కలను ఊడుస్తుంది, రోజూ రాత్రి కుక్కలు మళ్ళీ చల్లుతాయి. ఈ చక్రానికే మా సంఘం రీసైకిల్ అని పేరు పెట్టుకున్నట్టుంది.

నేను తేదీలూ లెక్కలూ రాసుకునే అలవాటున్న మనిషిని. ఏ రోజు గ్యాసు వచ్చిందో, ఏ రోజు ఎవరు ఏ మాట తప్పారో నా డైరీల్లో దొరుకుతుంది. ఇప్పుడు చెప్పబోయే సంగతికి మాత్రం నా దగ్గర తేదీ లేదు. అప్పటికి నాకు డైరీ లేదు. మా ఇంట్లో కాగితం దొరికితే రాసుకోవడానికి కాదు, పొయ్యి అంటించడానికి వాడేవాళ్ళం.

సికింద్రాబాద్ మోండా మార్కెట్ వెనుక, ఉల్లిపాయల బస్తాలు దింపే సందులో మాది రెండు గదుల ఇల్లు. మా నాయన పేరు మస్తాన్. పాత పరుపులు విప్పి, ముద్దకట్టిన దూదిని ఏకి, మళ్ళీ పరుపులు చేయడం ఆయన వృత్తి. అమ్మ వాటిని కుట్టేది. మనిషికంటే పొడవైన విల్లు, దానికి బిగించిన నరం తాడు. కొయ్యగుండుతో ఆ తాడును మీటుతుంటే గడ్డకట్టిన దూది పోగు పోగుగా విడిపోయి గాలిలోకి లేచేది. లేచిన దూదిలో కొంత మా ఇంట్లోనే స్థిరపడేది. నూనె సీసా మూతి చుట్టూ దూది, పప్పుగిన్నె అంచుకు దూది, నాయనమ్మ కనుబొమల మీద దూది. ఆమె అన్నం ముందు కూర్చుని బిస్మిల్లా అని, వెంటనే కంచంలోని దూది పోగులు ఏరి పక్కన పెట్టేది. రెండూ ఒకే ఆచారంలోని భాగాలనుకునేదాన్ని నేను. పాత పరుపు విప్పినప్పుడు వచ్చే వాసన కొత్తవారు భరించలేరు. కొబ్బరినూనె, చెమట, పసిపిల్లల తడి, తలనొప్పి మందు, అన్నీ కలిసి వెచ్చగా ముఖానికి కొట్టేవి. నాయన పిడికెడు దూది ముక్కు దగ్గర పెట్టుకుని ఆ ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పేవాడు. ఎప్పుడూ సరిగ్గా చెప్పేవాడని నేను అనను. ఒకసారి బ్రహ్మచారి అద్దెగదిలోని పరుపును బాలింతరాలిదన్నాడు. అమ్మ దాన్ని తలచుకుని ఏడాదిపాటు నవ్వింది.

రీసైకిల్ అనే మాట ఆయన విననే లేదు. దానికి సాటి మాట కూడా ఆయన దగ్గర లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. అన్నం తినడానికి మనం ప్రత్యేకంగా ఒక ఉద్యమం పేరు పెట్టుకోం కదా. మంచి దూది పరుపు ఒక తరాన్ని మోస్తుంది. గట్టిపడితే ఏకి మళ్ళీ నింపుతారు. ఏకగా ఏకగా పోగు పొట్టిదైపోతే అది పరుపుకు రాదు, దిండుకు వస్తుంది. దిండుకూ రానప్పుడు రిక్షా సీటులోకి పోతుంది. అక్కడా నలిగిపోయినదాన్ని చేతులు తుడుచుకోవడానికి మెకానిక్కులు అడిగి తీసుకెళ్ళేవారు. పరుపు గుడ్డ చిరిగితే అమ్మ బాగున్నంత మేర కత్తిరించి సంచులు కుట్టేది. నా బడిసంచీ మీద ఎవరి పడకగదివో చారలు ఉండేవి. కుట్టు విప్పిన దారాన్ని కూడా చీపురుపుల్లకు చుట్టి దాచేది. ఏది ఎంతవరకు వస్తుందో తేల్చడానికి మనిషి దూదిలో చేయి పెట్టాలి, తేల్చినదానికి తానే పూచీ పడాలి. నేటి వారికి ఆ రెండూ అసహ్యమే. అందుకే బాణం గుర్తులు కనిపెట్టుకున్నారు.

రానివీ ఉండేవి. వానకు నాని కుళ్ళిన దూది రాదు. బూరుగు దూది విల్లుకు రాదు, గాలికి లేచిపోతుంది. ఎండలో పోసి బెత్తంతో దులపడమే. ఈ రెండింటికీ కారణం చెప్పవచ్చు. మూడోదానికి నాయన ఎప్పుడూ కారణం చెప్పలేదు. మంచాన పడిన మనిషి ఏ పరుపు మీద ప్రాణం విడిచారో ఆ పరుపు దూదిని ఆయన ఏకడు, వేరే దూదిలో కలపడు. చాలా ఇళ్ళవారు ముందే చెప్పేవారు. అలాంటిది కంటబడితే నాయన తన భుజం మీది దుప్పటి పరిచి, ఆ దూదిని అందులో మూటకట్టి, వేరే పని ముట్టకముందే గేటు బయట పెట్టి వచ్చేవాడు. సాయంత్రం పోతూపోతూ ఖాళీ జాగాలో కాల్చేవాడు. దానికి కూలి తీసుకోడు. ఇంటివారి గుడ్డ వాడకూడదు, ఇంటి మనిషి చేయి తగలకూడదు, మూట గేటు దాటేదాకా దాని గురించి నోరు విప్పకూడదు. వాళ్ళ నాయన అలాగే చేసేవాడు, ఈయనా అలాగే చేశాడు.

బొల్లారం వైపు ఒక బంగళాల వరుస ఉండేది. మాకు ఏడాది గడిచేది ముఖ్యంగా ఆ ఇళ్ళ వల్లనే. వాటన్నింటికీ పెద్దదిక్కులా ఉండేవారు రాజ్యలక్ష్మమ్మ గారు. కోస్తా నుంచి వచ్చి కలప వ్యాపారంలో నిలదొక్కుకున్న కుటుంబం. ఆమె బాగుందంటే పక్కింటివారు పిలిచేవారు; ఆమె పెదవి విరిస్తే వరుస మొత్తం గేట్లు వేసుకునేది. పరుపుల పని ఇంటివారి పెరట్లోనే, వారి కళ్ళముందే జరగాలి. దూదేకేవాళ్ళు మంచి దూది మాయం చేసి చెత్త దూది కలుపుతారన్నది లోకంలో స్థిరపడిన నమ్మకం. ఆమె వేపచెట్టు నీడన కుర్చీ వేయించుకుని, చేతిలో వారపత్రిక తెరిచి, కళ్ళు మాత్రం మా చేతుల మీద పెట్టేవారు. సాయంత్రం లేచి వెళ్ళేటప్పుడు అమ్మ కొంగు దులిపి చూపించాలి. అమ్మ దులిపేది, ఊరుకునేది కాదు.

"జెర నా నోట్ల సుత సూడుండ్రి అమ్మగారూ. ఆవలించినప్పుడు పిడికెడు పోయుండొచ్చు."

"నీ నోరు చూడక్కర్లేదులే, వినిపిస్తూనే ఉంది" అనేవారు ఆమె.

ఆ ఎండాకాలం వారి పెద్దమ్మాయి పెళ్ళి కుదిరింది. పాత పరుపులు ఏకి పెళ్ళికూతురితో పంపడానికి కొత్తగా కుట్టాలని మమ్మల్ని పిలిచారు. నాకు బడి సెలవులు గనుక దబ్బనాలకు దారం ఎక్కించడానికి నేనూ వెళ్ళాను. రాజ్యలక్ష్మమ్మ గారి అత్తగారు చాలాకాలం మంచాన ఉండి అంతకుముందే పోయారని మాకు తెలుసు. అందుకే నాయన పని మొదలుపెట్టే ముందు అడిగాడు.

"అమ్మగారూ, పెద్దమ్మగారి పరుపు గిండ్ల లేదు గదా?"

"దాన్నెప్పుడో పంపించేశాం. ఇవన్నీ చుట్టాలొస్తే వేసేవి."

మొదటి రెండూ విప్పాం, బాగున్నాయి. మూడోది విప్పి నాయన లోపల చేయి పెట్టాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను, నేనూ చూశాను. నడుమ సరిగ్గా ఒక మనిషి మేర దూది రాయిలా బిగిసిపోయి ఉంది. చుట్టూ మాత్రం ఎవరూ ఒళ్ళు ఆనించనట్టు మెత్తగా ఉంది. చుట్టాలు అలా పడుకోరు. చుట్టం పొర్లుతాడు. రాజ్యలక్ష్మమ్మ గారు ఆ సమయానికి టెలిఫోన్ మోగితే లోపలికి వెళ్ళారు. నాయన ఒక్క మాట మాట్లాడకుండా దుప్పటి పరిచాడు, మూటకట్టాడు, గేటు బయట పెట్టి వచ్చి చేతులు కడుక్కున్నాడు. ఆమె తిరిగి కుర్చీలో కూర్చునేలోపు కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మగారూ, గేటు బయట దూది మూట పెట్టిండ్రు. మస్తాన్ దుప్పటే."

"ఏమయ్యా మస్తానూ, మా దూది గేటు దాటి నడిచెళ్ళిందా?"

"అది పెద్దమ్మగారి పరుపమ్మా. మూటల చెయ్యి పెట్టి సూడుండ్రి, నడుమ దూదంత ఎట్ల గట్టిగైందో."

ఆమె గొంతు తగ్గించి అన్నారు. "అయితే ఏంటంట? ఎండలో వేయించాం, గుడ్డ మార్పిస్తున్నాం. దూది దూదే కదా. ఏకితే కొత్తదైపోద్ది. అంత దూది తగలబెట్టుకోవడానికి మాకేం పిచ్చా?"

"ఏకితే కొత్తది గాదమ్మా, మెత్తగైతది. గంతే. పెండ్లి పరుపుల దాన్ని నేను కలప."

అప్పటికి పక్కింటి గోడ మీదుగా ఇద్దరు ఆడవాళ్ళు తొంగిచూస్తున్నారు. రాజ్యలక్ష్మమ్మ గారు వాళ్ళను చూశారు. ఆ తర్వాత ఆమె గొంతు మారింది. మాతో మాట్లాడుతున్నట్టే ఉంది గానీ మాటలు గోడ అవతలివారి కోసం.

"ఎందుకు కలుపుతావు? మూటకట్టుకుపోతే అమ్ముకోవచ్చు కదా. ఇన్నాళ్ళూ ఎన్ని మూటలు దాటాయో. పోయినావిడ పేరు చెప్పి దొంగతనం చేస్తావా?"

"దొంగతనానికి మాకు సచ్చిపోయినామె పరుపే దొరికిందా అమ్మగారూ?" అంది అమ్మ. "పక్కపొంటి రెండు మంచియి విప్పి ఉన్నయి. మేం దొంగలమే అనుకో, గంత తెలివిలేని దొంగలమా?"

నాయన అమ్మను ఊరుకోమన్నాడు. విప్పిన రెండు పరుపులను అలా వదిలేయడం పద్ధతి కాదని చీకటిపడేలోపు ఏకి, నింపి, కుట్టించాడు. ఈలోపు కాపలాదారు మూటను లోపలికి తెచ్చి, దూది కుమ్మరించి, ఖాళీ దుప్పటిని మా వైపు విసిరాడు. నాయన దాన్ని తీసుకోలేదు. మధ్యాహ్నం మాకు తాగడానికి నీళ్ళు అడిగితే ఎవరూ తేలేదు.

దారిలో అమ్మ ఆగలేదు. "మూట కట్టకముందే గామె మొఖం మీద చెప్తే ఏమైతుండె?"

"గేటు దాటేదాక చెప్పొద్దు గదనే."

"మంచిగుంది. నీ పద్ధతి నిలబడ్డది, నువ్వు దొంగవైతివి."

ఆయన సైకిలు నడిపిస్తూనే ఉన్నాడు గానీ ఎక్కలేదు. బొల్లారం నుంచి మోండా దాకా ముగ్గురం నడిచే వచ్చాం. ఆ వరుసలో ఏ ఇంటివారూ మళ్ళీ పిలవలేదు. నాయన పొద్దున్నే వెళ్ళి, ప్రతి గేటు ముందూ విల్లు తాడు మీటి, కాసేపు నిలబడి, తిరిగి వచ్చేవాడు. ఆ మూడో పరుపును బోయిన్‌పల్లి నుంచి వచ్చిన వేరే అతను ఏకి కుట్టాడని తెలిసింది. పెళ్ళికూతురు దానితో అత్తవారింటికి వెళ్ళింది.

నేను చదువుకున్నదాన్ని గనుక ఒక మాట ఒప్పుకోవాలి. ఎండలో వేసి ఏకిన దూదిలో చావు ఏమీ మిగలదు. వస్తువును వస్తువుగా చూస్తే రాజ్యలక్ష్మమ్మ గారు అన్నదే సరి, నాయనది ఉత్త పట్టింపు. కానీ అంత సరైన మాటను ఆమె పక్కింటివారి ముందు ఎందుకు అనలేకపోయారు? చుట్టాల పరుపని ఎందుకు బొంకారు? తాను నిజంగా నమ్మి ఉంటే గోడ వైపు తిరిగి, మా అత్తగారి పరుపు దూదే, అమ్మాయికి వేస్తున్నాను, అని ఉండవలసింది. పొదుపును గొప్పగా చెప్పుకునేవారిలో చాలామందికి ఆ పొదుపు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే ధైర్యం ఉండదు.

పట్టికను తెలుగులో రాసి నిన్న సాయంత్రం సుధాకర్ గారికి ఇచ్చాను. దూది పరుపు, ఏకేవారు దొరికితే వస్తుంది. ఫోం పరుపు రాదు, అని రాసి ఆ మాటను ఎరుపు వరుసలోకి మార్చాను. కర్మాగారాల్లో మిగిలే శుభ్రమైన ఫోం ముక్కలను జిగురుతో అదిమి దిమ్మలు చేస్తారని నాకు తెలుసు. ఇంట్లో పడుకుని పారేసినదాన్ని మాత్రం మా బోయిన్‌పల్లిలో ముట్టుకునేవాడు లేడు. ఆయన చదివి ముఖం చిట్లించారు. "రాదు అని రాస్తే నెగెటివ్‌గా ఉంటుంది మేడం. గ్రీన్‌లోనే ఉంచేద్దాం, లుక్ బాగుంటుంది" అన్నారు. రాజ్యలక్ష్మమ్మ గారికి తన అబద్ధం నిలబెట్టుకోవడానికి కనీసం ఒక మనిషిని దొంగను చేయవలసి వచ్చింది. ఈ కాలపు అబద్ధానికి ఆ శ్రమ కూడా లేదు, ఒక స్టిక్కరు చాలు.

నాయన చివరికి సికింద్రాబాద్ స్టేషను దగ్గర కొత్తగా తెరిచిన ఫోం పరుపుల దుకాణంలో కూలికి కుదిరాడు. కొనేవారు చెప్పిన కొలతకు దిమ్మను కత్తితో కోయడం, గుడ్డ తొడగడం ఆయన పని. చేరిన రోజునే యజమానిని అడిగాడట. "సేటూ, గిది పాతగైతే ఏం చేస్తరు?" "ఏం చేస్తరు? కొత్తది గొంటరు. గదే గదా దందా" అన్నాడట సేటు. నాయన ఇంటికి వచ్చి ఆ మాట మాకు రెండుసార్లు చెప్పాడు.

తర్వాతి ఏడాది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నేను ఆయనకు అన్నం తీసుకుని దుకాణానికి వెళ్ళాను. అప్పుడే బొల్లారం కారు వచ్చి ఆగింది. రాజ్యలక్ష్మమ్మ గారి డ్రైవరు నర్సింగ్ దిగాడు.

"మస్తాన్ భాయ్, అమ్మగారు రమ్మంటున్నది. చిన్నమ్మాయిగారి పెండ్లి కుదిరింది. కారు సుత పంపింది నీ కోసం."

నాయన కత్తి ఆపలేదు. "బోయిన్‌పల్లి ఆయన ఉన్నడు గదా."

"వాడు మొన్న సగం దూది మార్చిండు భాయ్. అమ్మగారు ఇప్పుడు అందరితోని చెప్తున్నది, మస్తాన్ అసుంటోడు గాదు, మనమే తప్పు అనుకున్నం అని. అన్ని ఇండ్లల్ల మల్ల పని షురూ అయితది. రా, ఎక్కు."

నేను గిన్నె పట్టుకుని నిలబడి, నాయన ఎక్కాలనే కోరుకున్నాను. పోయిన పేరు కారెక్కి వచ్చి గుమ్మం ముందు నిలబడింది. సేటు కూడా గల్లాపెట్టె దగ్గర నుంచి చూస్తున్నాడు, మంచి పనివాడు పోతాడేమోనని.

"పెద్దమ్మగారి పరుపు ఏడుంది ఇప్పుడు?" అని అడిగాడు నాయన.

"ఏడుంటది? పెద్దమ్మాయిగారింట్లనే. ఆమె దానిమీదనే పండుకుంటది."

"ఆమెకెరికేనా?"

"ఎట్లెరికైతది భాయ్? ఎవలు చెప్తరు?"

నాయన కోస్తున్న దిమ్మను చివరిదాకా కోసి, కత్తి పక్కన పెట్టాడు. ఆయన ఎవరినైనా చిన్నచూపు చూసి మాట్లాడటం అంతకుముందు నేను ఎరగను.

"అమ్మగారితోని చెప్పు నర్సింగ్. ఈసారి ఫోం గొనమను. గివైతే ఎవలు సచ్చినా ఒక్క తీర్గనే ఉంటయి."

సేటు దాన్ని తన సరుకుకు మెచ్చుకోలు అనుకున్నాడు. సంతోషంగా లేచి వచ్చి నర్సింగ్ చేతిలో దుకాణం కార్డు పెట్టాడు. ఆ పెళ్ళికి పరుపులు అక్కడినుంచే వెళ్ళాయి. కొలత ప్రకారం కోసింది నాయనే.